మావుసీ చెప్పని మాట

“డాబా మీద కాకపోతే ఆ సొక్కాలు ఆడు నెత్తి మీదేసుకుని ఆరబెట్టుకుంతాడేట్రా?” అన్నాడు తిరుమలరావు. స్టీల్‌ప్లాంటులో నైట్‌షిఫ్టు దిగి వచ్చి హాల్లో కుర్చీలో కూలబడ్డవాడు, కొడుకు తగులుకోవడంతో బూట్లు కూడా విప్పుకోలేదు. ఒక లేసు విప్పి, రెండోది వేళ్ళ మధ్య పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

“నెత్తినే ఆరబెట్టుకోమను. సెల్లికి ఏడో నెల. దాని బట్టలూ ఆ మందుల కంపెనీ బట్టలూ ఒక్క తాడు మీద ఆరేత్తే ఎలాగ?” వీరేంద్ర గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. పోర్టులో కంటైనర్ల యార్డుకి టైమైపోతున్నా, ఈ తగువు తేలేదాకా బండి తియ్యనన్నట్టు తాళంచెవిని వేలికి తిప్పుతున్నాడు.

“తాడే కదా. ఇంకోటి కడతాను.”

“తాడు గొడవ కాదు నాన్నా. నిన్న ఆడి రేకుల గది గుమ్మం దాకా ఎల్లినాను. గుప్పుమని కొట్టింది వాసన. పరవాడలో ఉన్నదంతా మోసుకొచ్చి మనింట్లో పోత్తన్నాడు.”

“నాకేటీ తెలీదమ్మా,” అంది జోగమ్మ మంచం మీంచి. “కరోనా వొచ్చెల్లినకాణ్ణుంచి సేపల పులుసైనా గంజైనా నా ముక్కుకొకటే.”

“అదృష్టవంతురాలివి నాన్నమ్మా,” ముందు గదిలోంచి నీలిమ నవ్వింది. ఆమె పురిటికని ఆ గదికి కొత్తగా సున్నం వేయించారు. రెండు కిటికీలు, కొత్త ఫ్యాను. గాజువాకలో ఆ వీధి మొత్తానికి అంత గాలొచ్చే గది లేదని తిరుమలరావు వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు.

రోజారమణి ఈ మాటలన్నీ పెరటి వసారాలోంచి వింటూనే ఉంది. కుళాయి వచ్చే రోజు అది. డేగిసాలో సలసల కాగిన నీళ్ళు బకెట్లో కుమ్మరించి, అత్తగారి పాత నేతచీరల ముక్కల్ని కర్రతో అదుముతోంది. పురుడు వెళ్ళేదాకా పసిబిడ్డ ఒంటికి కొత్త బట్ట తగలకూడదు. ఎన్నో ఉతుకులు చూసి, వెన్నలా మెత్తబడ్డ పాత చీర ముక్కలే కావాలి. జోగమ్మ చీరలు అందుకోసమే మంచం కింద ట్రంకుపెట్టెలో ఏళ్ళ తరబడి దాచి ఉంచారు. పుట్టబోయే మనవడికో మనవరాలికో అని రోజారమణి వాటిని ఒకసారి వేడినీళ్ళలో ఉతికి ఎండబెట్టింది. తృప్తి చాలక మళ్ళీ నానబెట్టింది.

“అమ్మా, నువ్వే సెప్పు ఆడికి,” వీరేంద్ర పెరట్లోకి వచ్చాడు. “నిన్ను మావుసీ మావుసీ అంతాడు కదా.”

“మావుసీ అంతే ఏటే రమణీ?” లోపల్నుంచి జోగమ్మ. “మా ఊసు ఆడికెందుకు?”

“పిన్ని అనత్తా, ఆల్ల బాసలో.”

“పిన్నా? ఎప్పుడు కలుపుకున్నాం సుట్టరికం?”

తిరుమలరావు పెద్దగా నవ్వాడు. వీరేంద్రకి కూడా నవ్వొచ్చింది. తగువు అక్కడితో ఆగిపోయింది కానీ, చెప్పాల్సిన పని మాత్రం రోజారమణి నెత్తిన పడింది.

పెరటి చివర రేకుల గదిలో అద్దెకుంటాడు సనాతన్. ఒడిశాలో కలహండి వైపు ఏదో ఊరు. పరవాడలో మందుల కంపెనీలో కాంట్రాక్టరు కింద పని. మిషన్లోంచి తడి పొడిని పారతో ఎత్తి ట్రేల్లో పరిచి, ఆరడానికి వేడి పెట్టెల్లోకి తోస్తాడట. కిందటి వారమే అతని భార్య ఝరణ పెద్దాసుపత్రిలో మగబిడ్డను కంది. పుట్టింటికి వెళ్ళి కనే వీలు లేకపోయింది. తల్లి లేదట ఆ పిల్లకి. ఆసుపత్రి నుంచి ఆటోలో వచ్చి దిగినప్పుడు, బిడ్డకు చుట్టిన తువ్వాలు కూడా పక్క మంచం వాళ్ళదేనని తెలిసి రోజారమణి మనసు చివుక్కుమంది. ట్రంకుపెట్టె తెరిచి, అడుగున ఉన్న చీరలు మడత విప్పకుండానే తీసుకెళ్ళి ఝరణ చేతిలో పెట్టింది. ఆ పిల్ల వాటిని కళ్ళకద్దుకుంది.

ఇప్పుడు వెల్లుల్లి కారం కలిపిన వేడి అన్నం గిన్నెలో పెట్టుకుని రోజారమణి ఆ గది వైపు నడిచింది. సనాతన్ గది బయట తూము దగ్గర ఒంటి మీద గావంచాతో కూర్చుని చొక్కా రుద్దుతున్నాడు. డ్యూటీ నుంచి రాగానే బయటే బట్టలు విప్పేసి, స్నానం చేసి గానీ లోపలికి వెళ్ళడు. చొక్కాలో ఏముందో అతనికీ తెలీదు. బట్టని ఎత్తి వాసన చూసి, మళ్ళీ సబ్బు పట్టిస్తున్నాడు.

“సనాతన్ బాబూ,” అంది రోజారమణి. ఎలా మొదలెట్టాలో తెలియలేదు. “ఈ సొక్కాలు... పైన మా అమ్మాయి బట్టలు ఆరేసుకుంతాది. నువ్వు ఇటుపక్క గోడ మీద ఆరేసుకో, ఏం?”

అతను ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూశాడు. “సరే మావుసీ. నేను మేడ మీద వెయ్యదు.” తర్వాత చాలా నెమ్మదిగా అడిగాడు. “వాసన ఉంది, కదా?”

ఆమె లోపలికి వంగింది. రేకుల వేడి అప్పుడే మొదలైంది. ఝరణ చాప మీద గోడకి ఆనుకుని కూర్చుంది. బిడ్డ ఆమె పక్కనే జోగమ్మ కాఫీరంగు చీర మడతల్లో నిద్రపోతున్నాడు. మెడ దాకా చుట్టి, తల మీదికి కూడా కొసని కప్పింది. రోజారమణి ఆ కొసని తొలగించింది. బుగ్గలు పసుపు రాసినట్టున్నాయి.

“ఏటి, ఈడు ఇలాగున్నాడు? పాలు తాగుతన్నాడా?”

“తాగదు మావుసీ,” అన్నాడు సనాతన్ గుమ్మం దగ్గరే నిలబడి. “నిద్ర, నిద్ర.”

విషయం చెబితే జోగమ్మ తేలిగ్గా తీసేసింది. “పసికర్లు. పుట్టిన ప్రతి గుంటడికీ వొత్తాయి. నీ మొగుడికి రానేదేటి? పొద్దుటెండలో పడుకోబెట్టమను, పోతాయి.”

ఆ పొద్దుటా, మర్నాటి పొద్దుటా బిడ్డని పెరట్లో ఎండలో పడుకోబెట్టారు. అదే చీర ముక్కల మీద.

*

ఆ రెండో రోజు సాయంత్రానికి బిడ్డ కళ్ళు తెరవడం మానేశాడు. అరికాళ్ళు కూడా పచ్చబడ్డాయి. ఝరణ రొమ్ము నోట్లో పెడితే పెదవులు కదలలేదు. రోజారమణి వెంటనే వీధి మొగకి వెళ్ళి ఆటో పిలుచుకొచ్చింది. “నువ్వెందుకమ్మా, ఆల్లెల్తారు కదా,” అని నీలిమ అంటూనే ఉంది. భాష రానివాళ్ళని ఆసుపత్రిలో ఒక గుమ్మం నుంచి ఇంకో గుమ్మానికి తోసేస్తారని రోజారమణికి తెలుసు. చీరకొంగు నడుముకి దోపుకుని ఆటో ఎక్కింది.

పసిపిల్లల వార్డులో బిడ్డను నీలం లైట్ల కింద పడుకోబెట్టారు. కళ్ళకి చిన్న గంతలు కట్టారు. తల్లిని మాత్రమే లోపలికి రానిచ్చారు. కుర్ర డాక్టరు బయటికి వచ్చి హిందీలో గబగబా అడిగాడు. ఎక్కడ పని, ఏం పని. సనాతన్ చెప్పాడు. డాక్టరు “కెమికల్ ఫ్యాక్టరీ” అని గొణుక్కుంటూ రాసుకున్నాడు, అంతే. ఆ రాసుకోవడం చాలు. బెంచీ మీద పక్కనే కూర్చున్న ఒకావిడ అంతా విని తల ఆడించింది.

“మా ఆడబిడ్డ మరిదీ అందులోనే సేత్తాడు. తండ్రి ఒంటి సెమట కూడా పడదంట అలాంటి పిల్లలకి. ముట్టుకోకూడదంట.”

“ఎవులు సెప్పినారమ్మా?” అంది రోజారమణి.

“అందరూ అనుకుంతారు.”

సనాతన్‌కి తెలుగు అంతంత మాత్రమే. కానీ ‘తండ్రి’, ‘ముట్టుకోకూడదు’ అన్న రెండు మాటలూ అతను పట్టుకున్నాడు. లేచి వరండా చివర కుళాయి దగ్గరికి వెళ్ళి మోచేతుల దాకా కడుక్కున్నాడు. వచ్చి కూర్చున్నాడు. కాసేపాగి మళ్ళీ లేచి వెళ్ళి కడుక్కున్నాడు.

మర్నాడు పొద్దున పెద్ద డాక్టరమ్మ వచ్చి చూసింది. లైట్లు చాలడం లేదు, బిడ్డ రక్తం మార్చాలంది. బ్లడ్‌బ్యాంకులో ఆ రక్తం ఉంది, బదులుగా ఎవరైనా రక్తం ఇస్తే మంచిదన్నారు. సనాతన్ లేవలేదు. రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని ముందుకి వంగి కూర్చున్నాడు.

“నువ్వియ్యి బాబూ. సూది అంతే బయమా?”

“భయం కాదు మావుసీ.” అతని గొంతు వినీ వినపడనట్టుంది. “నా రక్తం వద్దు. అందులో కంపెనీ ఉంది.”

“ఛఛ, అలాగేటీ ఉండదు” అందామె. కానీ ఆ మాట తన చెవికే గట్టిగా వినపడలేదు. ఏమో, ఉందేమో అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గుపడింది.

చివరికి వీరేంద్ర వచ్చాడు. యార్డు నుంచి సరాసరి, తలకి పెట్టుకున్న పసుపు టోపీ కూడా తియ్యకుండా. “అమ్మ ఫోన్ సేత్తే రానా మరి?” అని గొణుక్కుంటూ చేయి చాపి పడుకున్నాడు. రక్తమిచ్చి బయటికి వచ్చి, మోచేతి దగ్గర దూది నొక్కిపట్టుకుని, సనాతన్ పక్కన నిలబడ్డాడు. వెళ్ళేటప్పుడు తల్లిని పక్కకి పిలిచాడు.

“పిల్లోడు బతికితే సాలు. కానీ నాను సెప్పినానా నేదా? ఆ కంపెనీయే. ఇంక ఆల్లని ఉంచకమ్మా. రేపు సెల్లి బిడ్డకేటైనా అయితే?”

రోజారమణి తల ఊపింది.

*

రక్తం మార్చిన మర్నాడు బిడ్డ మొదటిసారి గట్టిగా ఏడ్చాడట. ఝరణ బయటికి వచ్చి భర్తతో వాళ్ళ భాషలో ఆ సంగతి చెబుతూ, బిడ్డ ఏడుపు ఎలా ఉందో చేసి చూపించింది. సనాతన్ నవ్వాడు. ఆమె కొంగుతో అతని మొహం తుడవబోతే వెనక్కి జరిగాడు. “వద్దు, వద్దు. లోపలికి వెళ్తావు నువ్వు.”

అప్పుడే తలుపు తోసుకుని సిస్టర్ వచ్చింది. నలభై దాటిన మనిషి. చేతిలో ప్లాస్టిక్ సంచీ, అందులో బిడ్డని తెచ్చినప్పుడు చుట్టి ఉన్న బట్టలు. కాఫీరంగు చీర ముక్క పైకి కనపడుతోంది.

“ఝరణ తాలూకు ఎవరు? నువ్వేనా అమ్మా తెలుగామెవి?” సంచీ మూతి విప్పి ముక్కు దగ్గర పెట్టుకుని, మొహం తిప్పుకుంది. “వీటిలో కలరా ఉండలు పెట్టి దాచారా?”

రోజారమణి సంచీ వైపు చూసింది. ఆ మాట వినగానే వాసన తెలిసింది. ఆ వాసన ఇన్నాళ్ళూ ఆమె ముక్కుకి తగులుతూనే ఉంది. ఆ గదిలో, ఎండలో, ఆటోలో. తన ఇంటి ట్రంకుపెట్టె వాసన కాబట్టి అది వాసన అని కూడా తోచలేదు.

“అలా నిలబడతావేంటి? రిపోర్టు వచ్చింది. పిల్లాడి రక్తంలో పుట్టుకతోనే ఒక లోపం ఉంది. చాలామందికి ఉంటుంది, ఏమీ కాదు కూడా. కానీ అలాంటి పిల్లలకి ఈ ఉండల గాలి తగిలితే రక్తం విరిగిపోయి పసికర్లు ముదిరిపోతాయి. ఉతకకుండా, ఎండ తగలకుండా పెట్టెలోంచి తీసి నేరుగా చుట్టేస్తే ఎట్లాగ? ఎవరిచ్చారు ఇవి? ఆ తండ్రికి అర్థమయ్యేటట్టు చెప్పు. కలరా ఉండలు పెట్టిన బట్ట వీడి దరిదాపులకి రాకూడదు, ఉతికినా సరే. విన్నావా?”

లోపల ఏదో మిషను కీచుమంది. సిస్టర్ సంచీని రోజారమణి చేతిలో పెట్టి పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది.

సనాతన్ అప్పటికే లేచి నిలబడ్డాడు. మొహంలో నెత్తురు లేదు.

“కలరా?” అన్నాడు. “మావుసీ, కలరా అంది. బాబుకి కలరా?”

“కాదు, కాదు నాయినా! కలరా కాదు.”

“మరి?”

వరండాలో ఎవరో ట్రాలీ తోసుకుపోతున్నారు. ఆ చప్పుడు దాటిపోయేదాకా ఆగింది. ఆగినంతసేపూ ఆ మాట ఆమె నాలుక మీదే ఉంది. మా పెట్టెలోవి. నేనిచ్చాను. ఉతకలేదు.

ఉతకమని జోగమ్మ చెప్పింది కూడా. “సంటిపిల్లడి ఒంటికి తగిలేవి. ఓసారి జాడించి ఇయ్యే” అంది. ఆ రోజు కుళాయి వచ్చింది. నీళ్ళున్నాయి. కానీ అప్పటికే నీలిమ కోసం తీసిన ముక్కలు బకెట్‌లో నానుతున్నాయి. వాటిని మధ్యలో ఆపాలి, నీళ్ళు మళ్ళీ కాచాలి. ఎవరి బిడ్డకోసమో అంత అవసరమా అని మనసు పైకి అనలేదు. చెయ్యి అనుకుంది, అంతే. వాళ్ళే ఉతుక్కుంటారులే అనుకుని ఇచ్చేసింది. ఉతుక్కోమని చెప్పనూ లేదు.

“బట్టలు... శుభ్రంగా ఉన్న బట్టలు తెమ్మంతంది,” అంది.

సనాతన్ తల కిందికి వాలింది. తన చొక్కా వైపు చూసుకున్నాడు. బటన్ల వెంట పైనుంచి కిందికి. “హా,” అన్నాడు. “నా బట్టలు.”

అప్పుడైనా కాదని చెప్పవచ్చు. ఆమె నోరు తెరిచింది కూడా. ఝరణ ఆమె చేతిలోని సంచీని మర్యాదగా అందుకుని, మడతలు నలగకుండా పక్కన పెట్టింది. రోజారమణి నోరు మూసుకుంది.

*

బిడ్డని ఇంటికి పంపించేటప్పుడు పెద్ద డాక్టరమ్మ బాగా గాలొచ్చే చోట ఉంచమంది. ఇప్పుడిప్పుడే కోలుకుంటున్నాడు, ఉక్కలో పెట్టకండి అంది. సనాతన్ ఆటోలో డ్రైవరు పక్కన కూర్చున్నాడు. బిడ్డ ఉన్న వెనక సీటు వైపు తిరిగి చూశాడు కానీ చెయ్యి చాపలేదు.

ఇల్లు చేరాక రోజారమణి చేసిన మొదటి పని ట్రంకుపెట్టెను పెరట్లోకి లాగి బోర్లించడం. తెల్లటి ఉండలు కొన్ని బఠాణీలంత అయిపోయి, కొన్ని ఇంకా గుండ్రంగా, గచ్చు మీద దొర్లాయి. నీలిమ కోసం ఉతికి మడతపెట్టిన ముక్కలు కూడా తెచ్చి ముక్కు దగ్గర పెట్టుకుంది. రెండుసార్లు వేడినీళ్ళు తగిలినా వాసన అడుగున ఉండనే ఉంది. ఝరణ గదిలో మిగిలిన ముక్కలూ, ఆసుపత్రి సంచీ కూడా కలిపి అన్నింటినీ మూటకట్టి చెత్తబండిలో వేయించింది.

“అదేటమ్మా, అన్నీ పారేత్తన్నావు?” నీలిమ నడుం పట్టుకుని వచ్చింది.

“పురుగు పట్టింది.”

ఇది రెండో అబద్ధం. మొదటిదాని కంటే తేలిగ్గా వచ్చింది.

సనాతన్ ఆ గదిలోకి అడుగుపెట్టడం మానేశాడు. పెరట్లో మెట్ల కింద ఒక అట్టముక్క పరుచుకుని పడుకుంటున్నాడు. డ్యూటీకి కూడా వెళ్ళడం లేదు. తిరుమలరావు దగ్గరికి వచ్చి చేతులు కట్టుకుని చెప్పాడట. పని మానేస్తున్నాను, అన్నయ్య కొడుకు వస్తాడు, బాబుని రైలెక్కించుకుని ఊరు వెళ్ళిపోతామని.

“ఊళ్ళో పనేటుందిరా అనడిగినాను,” అన్నాడు తిరుమలరావు భోజనం దగ్గర. “లేదంతాడు. ఇక్కడుంటే ఆడికి నా వల్ల సావొస్తాది సార్ అంతాడు.”

“పోనీలే నాన్నా, మంచిదే,” అన్నాడు వీరేంద్ర. గొంతులో కాఠిన్యం లేదు. తేలికపడ్డ మనిషి మాటలా ఉంది. “మనం పొమ్మన్నేదు కదా.”

“గుంటడు కడుపు నిండా పాలు తాగుతన్నాడంటే? అది సాలు,” అంది జోగమ్మ.

రోజారమణి చారు గరిటె చేత్తో పట్టుకుని ఎవరికి వెయ్యాలో మరిచిపోయి నిలబడింది. ఇంట్లో అందరూ మంచివాళ్ళే. ఎవరూ ఎవరినీ పొమ్మనలేదు. తాను నోరు విప్పకపోతే అంతా సాఫీగా జరిగిపోతుంది. ఒక రైలు వస్తుంది, వాళ్ళు ఎక్కుతారు. ఆ కుర్రాడు బతికినన్నాళ్ళూ తన చేతుల్ని తానే చూసుకుంటూ బతుకుతాడు.

ఆ మధ్యాహ్నం ఆమె పెరట్లో అంట్లు తోముతోంది. ఝరణ గదిలోంచి వచ్చి, బిడ్డను చాప మీద ఉంచానని భర్తకి సైగ చేసి స్నానాలగది వైపు వెళ్ళింది. కాసేపటికి బిడ్డ ఏడుపు మొదలైంది. సనాతన్ మెట్ల కిందనుంచి లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. తువ్వాలు ముక్కుకీ నోటికీ చుట్టుకుని, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, లోపలికి వంగి “ఓ... ఓ... ధనా...” అని వాళ్ళ భాషలో బుజ్జగిస్తున్నాడు. బిడ్డ ఇంకా గట్టిగా ఏడ్చాడు. అతను ఒక కాలు గడప దాటించి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. వెనక కట్టుకున్న చేతుల్లో ఒక చెయ్యి రెండో చేతిని మణికట్టు దగ్గర గట్టిగా బిగించి పట్టుకుంది, అది పారిపోతుందేమో అన్నట్టు.

రోజారమణి చేతిలో గిన్నె వదిలేసింది. బూడిద చేతులు కడుక్కుని, గోడవార గచ్చు పగుళ్ళలో ఇరుక్కుపోయిన తెల్లటి ఉండ ఒకటి వేలితో పెకలించి, అరచేతిలో పెట్టుకుని అతని దగ్గరికి వెళ్ళింది.

“సనాతన్. ఇది సూడు. వాసన సూడు.”

అతను అర్థం కాక తువ్వాలు దించి వంగాడు. ఒక్కసారి పీల్చి తల ఎత్తాడు.

“ఫినాయిల్ గోలీ.”

“మేం కలరా ఉండలంతాం. ఆ సిస్టర్ అన్నది ఇదే. రోగం కాదు. కంపెనీ కాదు. నీ సొక్కా కాదు.” ఊపిరి తీసుకుంది. “నాను ఇచ్చిన సీరలు. పెట్టెలో ఈ ఉండలు. ఉతకనేదు నాను. ఉతకమని మా అత్త సెప్పింది, అయినా ఉతకనేదు. మా అమ్మాయికైతే రెండుసార్లు ఉతికినాను. ఈడి ఒంట్లో రక్తానికి ఇది పడదు. అందుకే అలాగయ్యింది. ఆరోజు ఆసుపత్రిలో నీకు సెప్పమంటే సగమే సెప్పినాను.”

ఏ మాట అర్థమైందో ఏది కాలేదో అని ఆమె మళ్ళీ మొదలుపెట్టబోయింది. అతను చెయ్యెత్తి ఆపాడు. అర్థమైంది. అతని కళ్ళు ఆ తెల్లటి ఉండ మీదే ఉన్నాయి.

ఝరణ తడి జుట్టుతో వచ్చి నిలబడింది. సనాతన్ ఆమె వైపు తిరిగి చెప్పడం మొదలెట్టాడు. ఏదీ వదల్లేదు. చీరలు, పెట్టె, సిస్టర్, ఉతకడం, అన్నీ ఆ భాషలో కూడా రోజారమణికి తెలిసిపోతూనే ఉన్నాయి. ‘మావుసీ’ అన్న మాట దగ్గర అతని గొంతు కొంచెం తడబడింది. అంతా విని ఝరణ తిన్నగా రోజారమణి కళ్ళలోకి చూసింది. ఆ ఇంటికి వచ్చాక ఆ పిల్ల అలా కళ్ళెత్తి చూడడం అదే మొదలు. ఏదో అంది. చిన్న వాక్యం. పెదవులు బిగబట్టి అంది.

“ఏటంతంది?” అనడిగింది రోజారమణి.

సనాతన్ భార్య వైపు చూశాడు, తర్వాత ఆమె వైపు.

“ఏమీ లేదు మావుసీ.”

ఏదో ఉంది. అది తన చెవిన పడకుండా అతను అడ్డుకున్నాడని రోజారమణికి తెలిసింది. తాను దాచింది తనకోసం, అతను దాచిందీ తనకోసమే. చెంపదెబ్బ కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు.

లోపల బిడ్డ ఏడ్చి ఏడ్చి వెక్కుతున్నాడు.

“అయితే,” అన్నాడు సనాతన్, “నేను ఎత్తుకోవచ్చా?”

“ఎత్తుకో నాయినా. ఎత్తుకో.”

అయినా కుళాయి దగ్గరికి వెళ్ళాడు. ఒకసారి కడుక్కున్నాడు, ఒక్కసారే. లోపలికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని, బిడ్డ మెడ కింద ఒక చెయ్యీ నడుం కింద ఒక చెయ్యీ పెట్టి, సరిగా ఎత్తడం రాకుండానే ఎత్తాడు. బిడ్డ వెంటనే ఏమీ ఊరుకోలేదు. అతని మెడలో మొహం దాచుకుని ఇంకాసేపు ఏడ్చాడు.

“ఊరెల్లకండి,” అంది రోజారమణి గుమ్మం బయట నుంచి. “ఎల్లాలంతే ఎల్లండి, కానీ దీనికోసం ఎల్లకండి.”

“ఝరణని అడుగుతా మావుసీ. ఆమె చెప్పాలి.” బిడ్డ మీంచి తలెత్తకుండానే అన్నాడు.

*

సాయంత్రం టీ వేళకి అందరూ హాల్లోనే ఉన్నారు. తిరుమలరావు ఆ వారం నుంచి జనరల్ షిఫ్టు. వీరేంద్ర యార్డు నుంచి వచ్చి చొక్కా విప్పుకుని ఫ్యాను కింద కూర్చున్నాడు. నీలిమ జోగమ్మ మంచం మీద కాళ్ళు చాపుకుంది. రోజారమణి గ్లాసులన్నీ అందించి, తన గ్లాసు తీసుకోకుండా, గోడకి ఆనుకుని నిలబడింది.

“ఆ పిల్లోడికి జబ్బు సేసింది కంపెనీ కాదు,” అంది. “మన పెట్టెలో సీరలు. కలరా ఉండలు. ఆసుపత్రిలో సెప్పినారు. నాను ఉతకకుండా ఇచ్చినాను. ఆల్లకి సెప్పకుండా ఇన్నాళ్ళూ దాచినాను. ఇందాక సెప్పేసినాను.”

వీరేంద్ర గ్లాసు కింద పెట్టాడు.

“నా సీరలా?” అంది జోగమ్మ. గ్లాసు ఒరిగి టీ ఒలికింది. “ఓలమ్మో, నా సీరలా? జాడించి ఇయ్యమన్నాను కదే...”

“అన్నావత్తా. నాను జాడించనేదు.”

“ఇప్పుడా సంగతి ఆల్లకి సెప్పడం అంత అవసరమా అమ్మా?” వీరేంద్ర గొంతు తగ్గించాడు. “ఎల్లిపోతన్నారు కదా. రేపు ఆల్ల కంపెనీ జనాన్ని పోగేసుకుని గొడవకొత్తే?”

“రానీ. ఒత్తే నాను మాటాడతాను.”

“ఊరుకో ఈరేంద్రా,” అన్నాడు తిరుమలరావు. భార్య వైపు చూసి ఏదో అడగబోయి, ఆమె మొహం చూసి మానేశాడు.

నీలిమ మాత్రం చెయ్యి కడుపు మీద వేసుకుని తల్లినే చూస్తోంది. “పురుగు పట్టిందన్నావు,” అంది మెల్లిగా. “నాకిచ్చినవి రెండుసార్లు ఉతికినావు.”

“ఉతికినాను.”

వీధిలో షేరాటో వాడు పాత గాజువాక, పాత గాజువాక అని అరుస్తూ పోయాడు. రోజారమణి ముందు గదిలోకి వెళ్ళింది. నీలిమ దుప్పట్లూ తలగడా రెండు చేతుల్లోకీ ఎత్తుకుని, హాలు దాటి తన గదిలోకి తీసుకెళ్ళి, తన మంచం మీద పరిచింది. వచ్చి మళ్ళీ గోడకి ఆనుకుంది. వాళ్ళంతా ఆమెనే చూస్తున్నారు.

“గాలొచ్చే సోట ఉంచమంది డాక్టరమ్మ. రేకుల కింద ఆ పిల్లోడు ఉడికిపోతన్నాడు,” అంది. గొంతు పెంచలేదు. ఎవరినీ ఒప్పించాలన్నట్టు కూడా లేదు. “నీలిమ నా దగ్గర పడుకుంతాది. ఆల్లు ఉంతారో ఎల్తారో ఆ ఝరణ ఇట్టం. ఉన్నన్నాళ్ళు మాత్రం, ఇయ్యాల్టి నుంచి, ఆడు ముందు గదిలో పడుకుంతాడు. ఆల్లమ్మా, నాన్నా కూడాను.”